గోల్ ఎవరు వేశారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అంతర్ కళాశాలల ఫుట్‌బాల్ పోటీలు జరిగిన మర్నాడు జిల్లా పేజీలో కప్పుతో ఒక ఫొటో, దాని కింద ముఖ్య అతిథుల పేర్లు వస్తాయి. గోల్ ఎవరు వేశారు, ఎన్నో నిమిషంలో వేశారు అన్నది మాత్రం ఉండదు. తప్పు మీ విలేకరులది కాదు. ఆ వివరాలు రాసి చేతికిచ్చే వాళ్లు మైదానంలో లేరు. ఈ లోటు ఎంత పెద్దదో తెలియాలంటే అమెరికాలోని గ్రాంబ్లింగ్ అనే నల్లజాతి కాలేజీ సంగతి చెప్పాలి.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. అందుకే మైదానం నిండా 5 గజాలకో గీత. తెల్లవాళ్ల కాలేజీల్లో తమకు ప్రవేశం లేని రోజుల్లో నల్లజాతి విద్యార్థులు తమ కాలేజీల్లోనే ఈ ఆటను పెంచుకున్నారు. అలాంటి రెండు కాలేజీల మధ్య మొదటి మ్యాచ్ 1892 డిసెంబర్ 27న నార్త్ కరోలినాలోని సాలిస్‌బరీలో జరిగింది. బిడిల్, లివింగ్‌స్టన్ జట్లు తలపడ్డాయి. మంచు కురిసి గీతలు కప్పేసింది. లివింగ్‌స్టన్ ఆటగాడు బంతి అందుకుని పరిగెత్తితే, అది గీత లోపలా బయటా అని గొడవ. రిఫరీ బిడిల్ వైపు తీర్పిచ్చాడు, బిడిల్ గెలిచింది. ఆ గీత తగువును ఇప్పటికీ చెప్పుకుంటారు.

గ్రాంబ్లింగ్ లూసియానా ఉత్తర భాగంలో ఒక పల్లె. అక్కడి బడి 1901లో మొదలైంది, తర్వాత కాలేజీ అయింది. 1941లో 22 ఏళ్ల ఎడ్డీ రాబిన్సన్‌ను కోచ్‌గా పెట్టుకున్నారు. జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు. గడ్డి కోయడం, గీతలు గీయడం, చీలమండలకు పట్టీలు కట్టడం, మ్యాచ్ అయ్యాక పత్రికకు వార్త రాయడం అన్నీ ఆయన పనులే. దారిలో హోటళ్లు నల్లవాళ్లకు తిండి పెట్టవు కాబట్టి జట్టుకు శాండ్‌విచ్‌లు కూడా ఆయనే చేసేవారు. పత్తి తీసే పని ఉందని ఒక తండ్రి కొడుకుల్ని ఆటకు పంపకపోతే, జట్టునంతా ఆ చేలోకి తీసుకెళ్లి పత్తి తీయించి పిల్లల్ని వెనక్కి తెచ్చుకున్నారు. వేరుశనగ పీకే రోజుల్లో జట్టు సగమయ్యే మన దగ్గర ఈ ముక్క ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది మూడు గెలుపులు, ఐదు ఓటములు. 1942లో జట్టు ఒక్క మ్యాచ్ ఓడలేదు, ఎదుటివాళ్లకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు.

మా దృష్టిలో అసలు మలుపు 1948. ఆ ఏడు కాలీ నికల్సన్‌ను కేవలం ఆటల వార్తలు రాయడానికి కాలేజీ నియమించింది. ప్రతి మ్యాచ్ వివరాన్నీ ఆయన నల్లజాతి పత్రికలకు పంపేవారు. మరుసటి ఏడాదే ట్యాంక్ యంగర్ లాస్ ఏంజిలెస్ రామ్స్ జట్టులో చేరి, నల్లజాతి కాలేజీల నుంచి అక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిన మొదటి ఆటగాడయ్యారు. 1968లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మోర్గాన్ స్టేట్ అనే మరో నల్లజాతి కాలేజీతో మ్యాచ్‌కు 60 వేలకు పైగా జనం వచ్చారు. గ్రాంబ్లింగ్ 9-7 తేడాతో ఓడింది, అయినా పేరు దేశమంతా తెలిసింది. 1976లో ఈ రెండు జట్లే టోక్యోలో ఆడాయి. 1988 జనవరి 31న ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) డగ్ విలియమ్స్ కూడా రాబిన్సన్ శిష్యుడే.

1985 అక్టోబర్ 5న రాబిన్సన్ 324వ విజయంతో, కాలేజీ కోచ్‌లలో అత్యధిక గెలుపులున్న బేర్ బ్రయంట్ రికార్డు దాటారు. ప్రతి గెలుపూ తేదీతో, స్కోరుతో రాసి ఉంది కాబట్టే ఎవరూ కాదనలేకపోయారు. 1997లో దిగిపోయేనాటికి గెలుపులు 408, ఓటములు 165, సమానం 15.

గ్రాంబ్లింగ్‌కు దెబ్బ రెండు వైపుల నుంచి వచ్చింది. 1970ల నుంచి దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్లను తీసుకోవడంతో మంచివాళ్లు అటు పోయారు. రాష్ట్రం ఇచ్చే డబ్బూ తగ్గింది. 2013 అక్టోబర్‌లో గదుల్లో బూజు, గంటల తరబడి బస్సు ప్రయాణాల గురించి ఆటగాళ్లు యాజమాన్యానికి ఉత్తరం రాసి, జాక్సన్ స్టేట్‌తో మ్యాచ్‌కు వెళ్లలేదు.

ఇక మన సంగతి. 1916లోనే సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ మొదలైన ఊరు అనంతపురం. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల పుణ్యమా అని పల్లెల పిల్లలు బూట్లు కట్టి ఫుట్‌బాల్‌కు వస్తున్నారు. వాళ్ల ఆటకు కాగితం ఉండాలి.

ముందు గీతలు. ఇక్కడ మంచు పడదు కానీ గాలికి ముగ్గు కొట్టుకుపోతుంది. మ్యాచ్ రోజు పొద్దున్నే వేసి, హాఫ్‌టైంలో మళ్లీ దిద్దాలి. తెల్లగా కనిపిస్తుందని సున్నం చల్లకండి. జారిపడిన పిల్లవాడికి చెమట మీద చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మైదానం మూల మట్టంగా రావాలంటే, మూల నుంచి ఒక వైపు 3 మీటర్లు, ఇంకో వైపు 4 మీటర్లు కొలిస్తే ఆ రెండు కొసల మధ్య తాడు సరిగ్గా 5 మీటర్లు రావాలి. తరచూ జరిగే తప్పు పెనాల్టీ బాక్సులో. 16.5 మీటర్లను గోల్ మధ్య నుంచి కొలుస్తారు. కొలవాల్సింది స్తంభం లోపలి అంచు నుంచి. 40.32 మీటర్ల వెడల్పు ఉండాల్సిన బాక్సు 33కు కుంచించుకుపోతుంది, రెండు పక్కలా 3.66 మీటర్ల చొప్పున పోయిన ఆ చోట ఫౌల్ జరిగితే పెనాల్టీయా కాదా అని కొట్లాట.

స్కోరు షీటు ఒక పేజీ చాలు. తేదీ, మైదానం, రెండు జట్ల 11 మంది పేర్లు, మార్పు ఆటగాళ్లు, గోల్ వేసినవాడి పేరు, నిమిషం, కార్డులు, రిఫరీ సంతకం. కార్బన్ పెట్టి మూడు ప్రతులు తీయాలి. కాలేజీకొకటి, ఒకటి మీకు. మర్నాడు గుర్తు తెచ్చుకుని రాస్తే నిమిషాలు తప్పుతాయి, కాబట్టి గోల్ పడగానే రాయడానికి గీత పక్కన ఒక విద్యార్థిని కూర్చోబెట్టాలి.

ఆ మూడో ప్రతి మ్యాచ్ రోజు సాయంత్రం ఆరు లోపు మీ కార్యాలయానికి చేరుస్తాం. అతిథుల పేర్ల చోటులో నాలుగు వరుసలు దానికి ఇవ్వగలరా?

ఇట్లు,
కొందరు ఫిజికల్ డైరెక్టర్లు,
అనంతపురం