ఎఫ్ఐఆర్‌ల లెక్కతో పోలీసులను తూచవద్దు

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

ఏటా డిసెంబరు నెలాఖరులో జిల్లా ఎస్పీలు, కమిషనర్లు విలేకరుల సమావేశం పెట్టి ఆ ఏడాది నేరాల లెక్క చెప్పడం, మరునాడు పత్రికలన్నీ నేరాలు ఇంత శాతం తగ్గాయనో పెరిగాయనో పెద్ద అక్షరాలతో వేయడం ఆనవాయితీగా మారింది. తగ్గితే పోలీసులకు మెప్పు, పెరిగితే తలవంపు. మేజిస్ట్రేట్ కోర్టు నుంచి సెషన్స్ కోర్టు దాకా క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిగా నా అభ్యంతరం ఈ కొలమానం మీదనే. ఆ సమావేశంలో చదివి వినిపించేది జరిగిన నేరాల సంఖ్య కాదు, స్టేషన్లలో కట్టిన కేసుల సంఖ్య. పోలీసు అధికారం అనగానే లాఠీ, అరెస్టు, లాకప్ గుర్తుకొస్తాయి గానీ, సామాన్యుడికి ఎక్కువగా ఎదురయ్యేది అతని ఫిర్యాదును కేసుగా కట్టాలా, పిటిషన్‌గా పక్కన పడేయాలా అని స్టేషన్‌లో తేల్చే అధికారం.

నిజానికి చట్టం ఆ అధికారాన్ని వారికి ఎన్నడూ అంత ఉదారంగా ఇవ్వలేదు. స్టేషన్‌కు వచ్చిన ఫిర్యాదును రాతలో పెట్టాలని 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడే చెప్పింది. 1973 కోడ్‌లో అది 154వ సెక్షన్ అయింది, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్‌గా ఉంది. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్లు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరవలసిందేనని లలితా కుమారి కేసులో 2013 నవంబరు 12న సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. వైవాహిక తగాదాలు, వ్యాపార లావాదేవీలు, వైద్య నిర్లక్ష్యం వంటి కొన్నింటిలో మాత్రమే ముందస్తు విచారణకు, అదీ గడువు పెట్టి, వీలు కల్పించింది.

చట్టం ఇలా ఉన్నా జనం మొర వినకుండా తిప్పి పంపే జబ్బు మన ప్రాంతంలో చాలా పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం బంట్రోతులు జనాన్ని హింసిస్తున్నారన్న ఆరోపణలపై వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. హింస ఉన్నదన్న నిజం కంటె, హింసకు గురైనవాడు ఎక్కడా మొర చెప్పుకుని న్యాయం పొందలేకపోవడమే తమను ఎక్కువగా కలచివేసిందని ఆ కమిషనర్లు రాశారు. రెవెన్యూ అధికారం, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండటమే ఇందుకు కారణమని తేలడంతో 1859లో మద్రాసుకు ప్రత్యేక పోలీసు చట్టం వచ్చింది. అయితే 1857 తిరుగుబాటు భయం ఇంకా వదలని సర్కారు 1861లో దేశమంతటికీ తెచ్చిన పోలీసు చట్టం జనం మొర వినడానికి కాక, జనాన్ని అదుపులో పెట్టడానికి పుట్టింది. 1902-03 నాటి ఫ్రేజర్ కమిషన్ పోలీసుల మీద అవినీతిపరులు, పీడించేవారు అన్న పేరు పడిందని రాసుకోవలసి వచ్చింది. ఆ కమిషన్‌ను వేసింది తెల్లదొరలే.

ఇప్పటి సంగతి చూద్దాం. బస్టాండులో జేబులోంచి ఫోను కొట్టేశారని ఒక రైతు స్టేషన్‌కు వెళ్లాడు. స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటరు తెల్లకాగితం ఇచ్చి, పోగొట్టుకున్నట్టు రాస్తే ఆన్‌లైన్‌లో వెతికి పెడతామని, దొంగతనం అని రాస్తే కోర్టుల చుట్టూ తిరగాలని సలహా ఇచ్చాడు. రైతు అలాగే రాయించి వేలిముద్ర వేశాడు. రశీదు లేదు, నంబరు లేదు. ఆ ఫోనులోని నంబరుతో బ్యాంకు ఖాతా ఖాళీ అయిన తర్వాత ఆయన నా దగ్గరకు వచ్చాడు. దొంగతనం జరిగిందని చూపించడానికి మా చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితంలో దొంగతనం ఊసే లేదు.

ఇందులో రైటరు దుర్మార్గం ఏమీ లేదని నా అభిప్రాయం. కేసు కడితే పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు, కేసు డైరీ, చార్జిషీటు, ఆపై కోర్టు వాయిదాలు. ఈ పని చేయవలసిన మనుషులు జాతరకో, మంత్రిగారి పర్యటనకో బందోబస్తులో ఉంటారు. నెలవారీ క్రైమ్ మీటింగులో యూఐ (దర్యాప్తు పూర్తికాని) కేసులు ఎన్ని మిగిలాయని, పోయిన ఏడాదికంటె కేసులు ఎందుకు పెరిగాయని నిలదీసేది ఎస్ఐనే. ఫిర్యాదుదారు అసంతృప్తి ఏ రిజిస్టరులోకీ ఎక్కదు గనుక దాని గురించి అడిగేవారు ఉండరు. తనను ఎప్పుడు పోస్టింగ్ లేకుండా వీఆర్‌కు (వేకెన్సీ రిజర్వుకు) పంపుతారో తెలియని ఎస్ఐ లెక్కలు తగ్గించుకోక ఏం చేస్తాడు? స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, దర్యాప్తును శాంతిభద్రతల విధుల నుంచి వేరుచేయాలని, జిల్లా స్థాయిలోనూ ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టాలని ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది. రాష్ట్రాల్లో ఎవరు అధికారంలోకి వచ్చినా బదిలీల పగ్గం వదులుకోవడానికి మాత్రం ఇష్టపడలేదు.

నమోదులో జాప్యం ఖరీదు ఏమిటో 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలు హత్యకు గురైనప్పుడు చూశాం. ఆ రాత్రి ఆమె కుటుంబాన్ని తమ పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. ఇప్పుడు జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా కేసు కట్టే పద్ధతి, నేరుగా చట్టంలోకే వచ్చింది, మహిళలపై కొన్ని తీవ్ర నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని అధికారికి ఆరు నెలలకు తగ్గని జైలుశిక్ష కూడా ఉంది. కానీ అదే 173వ సెక్షన్ మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు తలుపు తీసింది. ఆ 14 రోజుల్లో స్టేషన్ ఆవరణలో రాజీలు ఎలా కుదురుతాయో చెప్పడానికి న్యాయవాదే కానక్కరలేదు.

కేసుల నమోదు పెరగడం, నేరాలు పెరగడం ఒకటి కాదని జాతీయ నేర గణాంకాల సంస్థ తన వార్షిక నివేదికలోనే హెచ్చరిస్తుంది. కనుక మీకు నా విన్నపం ఒకటే. ఈ డిసెంబరు సమావేశానికి వెళ్లే మీ విలేకరులు మూడు ప్రశ్నలు అడగాలి: ఏడాదిలో స్టేషన్లకు వచ్చిన పిటిషన్లు ఎన్ని, వాటిలో ఎఫ్ఐఆర్ అయినవి ఎన్ని, 14 రోజుల గడువు దాటినవి ఎన్ని. జవాబు రాకపోతే, రాలేదని మీ జిల్లా పేజీలో అచ్చువేయండి.

భవదీయుడు,
ఒక న్యాయవాది,
గుంటూరు జిల్లా