బొమ్మలకు ఒక గోడ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మన శ్రీకాకుళంలో జరిగిన ప్రకృతి ఛాయాచిత్రాలు, స్టిల్‌లైఫ్ (కదలని వస్తువులను ఎదుట పెట్టుకుని గీసే) చిత్రాల ప్రదర్శన గురించి గతవారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. జ్యోతి వెలిగించినవారు ఎవరో, ఎవరెవరికి శాలువాలు కప్పారో, అధికారులు ఏమని మెచ్చుకున్నారో అంతా ఉంది గానీ, ఆ బొమ్మలు ఏ స్థితిలో వేలాడాయో ఒక్క ముక్క లేదు. కళ్లారా చూసి వచ్చినవాణ్ణి కనుక రాయక తప్పడం లేదు.

ప్రదర్శన పెట్టింది కల్యాణ మండపంలో. గోడలకు మేకులు కొట్టరాదనడంతో బొమ్మలను కిటికీ ఊచలకూ కుర్చీల వీపులకూ పురికొసతో కట్టారు. మన జిల్లాలో వలస పక్షులు వచ్చే తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడు కట్టుకున్న ఎర్రకాళ్ల కొంగను ఒక కుర్రవాడు తీసిన ఫొటో ఉంది. ఆ పక్షి అందమంతా తోక దగ్గరి గులాబిరంగు ఈకల్లో ఉంటుంది. నెత్తిమీది ట్యూబులైటు సరిగ్గా ఆ ఈకల మీదే ఫ్రేము అద్దంలో తెల్లటి గీతగా మెరుస్తుంటే, ఎటు జరిగి చూసినా ఆ రంగు కంటికి ఆనలేదు. పక్కనే బుడితి ఇత్తడి చెంబు, రెండు జీడిపండ్లు, వాటి కింద పరిచిన పొందూరు ఖద్దరు గుడ్డతో నీటిరంగుల చిత్రం. చెంబు మెడ మీద వెలుగు తగిలిన చోట రంగు వేయకుండా కాగితం తెలుపునే వదిలిపెట్టిన పనితనం అది. ఆ తెలుపును మొదటి నుంచీ కాపాడుకుంటూ రావాలి, రంగు పడ్డాక మళ్లీ తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. అలాంటి బొమ్మను పడమటి కిటికీకి కట్టారు, సాయంత్రపు ఎండ నేరుగా పడుతోంది. నీటిరంగుల చిత్రాల మీద వెలుతురు 50 లక్సులకు (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా మ్యూజియాలు జాగ్రత్త పడతాయి. ఎండ వెలుతురు అంతకు వందల రెట్లు. వెలిసిన రంగు తిరిగి రాదు.

చేతి డబ్బు ఖర్చుపెట్టుకున్న నిర్వాహకులను నేను తప్పుపట్టను. వాళ్లకు దొరికింది ఆ మండపమే. నా బాధంతా వేదికనెక్కి మెచ్చుకుని వెళ్లిన పెద్దల గురించి. ఉదయమని చెప్పిన ప్రారంభోత్సవం ముఖ్య అతిథి రాక కోసం మధ్యాహ్నానికి జరిగింది, బడి పిల్లలను అంతసేపూ కూర్చోబెట్టి, చివరికి బొమ్మలు చూడనివ్వకుండానే బస్సెక్కించారు. స్వాగతం పలికే ఫ్లెక్సీ వెనుక ఒక వరుస ఫొటోలు మొత్తం మరుగున పడిపోతే, సభ ముగిశాక కూడా దాన్ని తీయించాలని ఒక్కరికీ తోచలేదు. సాంస్కృతిక వైభవమంటూ ఉపన్యసించే అధికారులకు బొమ్మ చూడాలంటే గోడా వెలుతురూ కావాలన్న సంగతి ఎవరైనా చెప్పాలా?

వడ్డాది పాపయ్య (వపా) గారు 1921లో పుట్టింది ఈ శ్రీకాకుళంలోనే. ‘చందమామ’ ముఖచిత్రాల ద్వారా తెలుగువారికి రంగుల రుచి చూపించిన ఆయన 1992లో కన్నుమూశారు. రాజమహేంద్రవరంలో, ముప్పై ఏళ్లయినా నిండకుండా 1925లో పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరిట చిత్రశాల ఉంది, ఆయన చిత్రాలను ఈనాటికీ అక్కడికి వెళ్లి చూడవచ్చు. వపా పుట్టిన ఊళ్లో మాత్రం బొమ్మలు పెట్టాలంటే పెళ్లి ముహూర్తాలు లేని రోజులు వెతుక్కుని మండపం అద్దెకు తీసుకోవలసి వస్తోంది. ఒకప్పుడు ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మాస్టారు ఉండేవారు, బల్ల మీద కూజా, రెండు అరటిపండ్లు పెట్టి గీయించేవారు. ఆ పోస్టులు ఖాళీ అయితే మళ్లీ నింపాలన్న పట్టింపు కూడా పోయింది.

కోట్ల రూపాయల భవనం ఎవరూ అడగడం లేదు. ఎండ నేరుగా పడని ఒక పెద్ద గది, బొమ్మలు తగిలించే పట్టాలున్న గోడలు, అద్దం మీద మెరవకుండా పక్కవాటంగా పడే దీపాలు, తాళం వేసి తీసే ఒక మనిషి చాలు. ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో వాడకుండా వదిలేసిన గదుల్లో ఒకటి ఇందుకు కేటాయించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. మీ పత్రిక కూడా వచ్చేసారి అతిథుల ఫొటోకు బదులు ప్రదర్శనలోని ఒక బొమ్మను అచ్చువేసి, కింద గీసినవారి పేరు రాయాలని మనవి.

- విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం