వార్షిక నివేదిక 2024–25: గ్రూపు నిండా జనం, అడిగితే జవాబు లేదు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన ఇంకు పెన్నుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపించారు, ఆడిటరు గారి సంతకం కూడా అయింది, కాబట్టి నేను వాటి జోలికి పోను. నెలవారీ సమావేశాలు ఎప్పట్లాగే మాంబళంలో ఉపాధ్యక్షుల వారి మేడమీదే జరిగాయి. నవంబరు 30 శనివారం నాటిది మాత్రం ఫెంగల్ తుపాను ఎగరేసుకుపోయింది. విమానాశ్రయమే మూసేసిన రోజున మనం పెన్నులు పట్టుకుని ఎక్కడికి బయల్దేరతాం? జనవరిలో నందనం పుస్తక ప్రదర్శనకు కలిసి వెళ్లాం. పెన్నులు వెతుక్కుంటూ లోపలికెళ్లినవాళ్లు పుస్తకాల సంచీలతో బయటికొచ్చారు.

ఇవన్నీ ఏటా ఉండేవే. ఈ ఏడాది కమిటీ బుర్ర బద్దలుకొట్టుకున్న విషయం వేరే ఉంది. నివేదికలో ఎక్కువ భాగం దానికే పోతుంది, ఏమీ అనుకోకండి.

కిందటి సర్వసభ్య సమావేశంలో అయనావరం సభ్యురాలు ఒకరు లేచి, "మన వాట్సాప్ గ్రూపులో ఇంతమందిమి ఉన్నాం, పొద్దున లేస్తే మెసేజీల వరద. నా పెన్ను ఇంకు కక్కుతోందని అడిగితే ఒక్కరూ పలకలేదేమండీ?" అన్నారు. అందరం ఫోన్లు తీసి వెనక్కి వెళ్లి చూశాం. ఆవిడ ప్రశ్న ఉంది. దాని కిందే ఎవరో మెరుపుల ఇంకు ఫొటో పెట్టారు. ఆ ఫొటో కింద చప్పట్ల బొమ్మలు, ఆపైన ఒకరి పుట్టినరోజు, కేకులూ దండలూ. ఆవిడ మాట అడుక్కి పోయింది. ఇంకా వెనక్కి వెళితే తేలిందేమిటంటే, అదే ప్రశ్న అంతకుముందు కూడా వచ్చింది, పెరంబూరు పెద్దాయన ఓపిగ్గా జవాబూ ఇచ్చారు. గ్రూపులో తర్వాత చేరినవారికి పాత మెసేజీలు కనబడవు గనక ఆవిడ దాన్ని చూసే వీలే లేదు. పెద్దాయనేమో చెప్పిందే చెప్పి విసుగెత్తి గ్రూపును మ్యూట్‌లో పెట్టేశారు.

ఆ జవాబు ఇక్కడ రాసేస్తున్నాను, నివేదికలోనైనా నిలుస్తుంది. ఆవిడది డ్రాపరుతో నేరుగా బారెల్‌లోనే, అంటే పెన్ను గొట్టంలోనే, ఇంకు నింపే పాతకాలపు పెన్ను. ఇంకు నిండుగా ఉన్నంతవరకు బుద్ధిగా రాస్తుంది. మూడోవంతుకు దిగాక లోపల గాలి ఎక్కువవుతుంది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకును పాళీ వైపు తోస్తుంది, టప్పున ఒక బొట్టు కాగితం మీద పడుతుంది. మద్రాసు మే నెలలో చేతి వేడి దాకా కూడా అక్కర్లేదు. అందుకని సగానికి రాగానే మళ్లీ నింపుకోవాలి, బారెల్ బిగించే మరచుట్ల మీద సిలికాన్ గ్రీజు పలచగా పూయాలి, జేబులో పెట్టుకుంటే పాళీ పైకి ఉండాలి. అంతే. పెన్నులో లోపమేమీ లేదు, కొట్టుకు తిరిగి పంపాల్సిన పనీ లేదు.

మరి ఇలాంటి జవాబులు ఒకప్పుడు ఎక్కడుండేవి? కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మన చేతికి రాకముందు ఇంకు పెన్నుల పిచ్చి ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో చర్చావేదికల్లో కలుసుకునేవారు. ఒక ప్రశ్నకు ఒక పేజీ. పైన పేరు చూస్తే లోపల ఏముందో తెలిసేది. ఐదేళ్ల తర్వాత వచ్చినవాడు కూడా వెతికి చదువుకుని, కింద తన అనుభవం కలిపి పోయేవాడు. ఇంకులో యాసిడ్ పాలు ఎంతుంటే స్టీలు పాళీ తుప్పు పడుతుందనే సంగతి మీద వాదోపవాదాలు నెలల తరబడి నడిచేవి. నెల తర్వాత జవాబిచ్చినా ఎవరూ చిత్రంగా చూసేవారు కాదు. ఇప్పుడు నిన్నటి మాటకు ఇవాళ జవాబిస్తే "ఇంకా అక్కడే ఉన్నారా సార్" అంటున్నారు.

రాజమండ్రి రత్నం పెన్నునే తీసుకోండి. స్వదేశీ వస్తువు చేయమన్న గాంధీగారి మాట పట్టుకుని కోసూరి వెంకటరత్నం గారు పెన్ను చేశారనీ, అది గాంధీగారి అనుచరులు జె.సి. కుమారప్ప గారి ద్వారా ఆయనకు చేరిందనీ, 1935లో ఆయన వార్ధా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారనీ మనలో చాలామంది ఇళ్లలో చెప్పుకునేదే. కానీ తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన పెన్ను ఏ కాలం నాటిదో తేల్చడానికి ఆ కథ చాలదు. బారెల్ మీద చెక్కిన అక్షరాలు, క్లిప్పు తీరు, పాళీ మీది ముద్ర, ఫీడ్ (పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ముక్క) కింది గాడులు పది పెన్నులవి పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరి దగ్గర పది ఉండవు. గుంటూరులో ఒకరి దగ్గరొకటి, డల్లాస్‌లో ఇంకొకరి దగ్గరొకటి. అవన్నీ ఒక పేజీ మీదికి చేర్చింది ఆ వేదికలే.

ఆ పేజీలు పోయిన తీరు కూడా రికార్డు కోసం రాయాలి. జనం బృందాలుగా కలుసుకునే ఆర్కుట్ అనే సైటు 2014 సెప్టెంబరు 30న మూతపడింది, అందులోని బృందాలూ పోయాయి. యాహూ గ్రూపులు 2019లో పాత ఉత్తరాలనూ ఫైళ్లనూ తీసేస్తామని చెప్పి, 2020 డిసెంబరులో పూర్తిగా తలుపులేశాయి. వీటికంటే చడీచప్పుడూ లేకుండా దెబ్బకొట్టింది 2017 నాటి ఫొటోబకెట్ వ్యవహారం. అప్పట్లో అందరూ ఫొటోలు అక్కడ దాచి, చర్చావేదికల్లో కనబడేలా లింకులిచ్చేవారు. ఆ కంపెనీ ఉన్నట్టుండి నియమాలు మార్చి, బయటి పేజీల్లో ఫొటోలు కనబడాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. కట్టనివాళ్ల ఫొటోల జాగాలో డబ్బు గుర్తుచేసే బొమ్మ వచ్చి కూర్చుంది. రాత మిగిలింది, బొమ్మ పోయింది. "బాణం గుర్తు దగ్గర పగులు చూడండి" అని ఉంటుంది, బాణమూ ఉండదు పగులూ ఉండదు. పెన్నుల రిపేరులాంటి విద్యకు ఇది ప్రాణాంతకం.

అయితే కంపెనీల మీద నెపం వేసి చేతులు దులుపుకోలేం. జనం వెళ్లింది వాళ్లంతట వాళ్లే. ఆ వేదికల్లో ఒక ఫొటో ఎక్కించాలంటే కంప్యూటరు ముందు కూర్చోవాలి, సైజు తగ్గించాలి, లింకు అతికించాలి. ఫోనులో అయితే రెండు వేళ్ల పని. నడిపేవాళ్లు సర్వరు అద్దె సొంత జేబు లోంచి కట్టుకుంటుంటే ఫేస్‌బుక్ గ్రూపు ఉచితం. 2022లో వాట్సాప్ ఒక గ్రూపులో 1024 మంది దాకా చేరవచ్చంది, మనమూ సంబరపడి వచ్చినవారినల్లా చేర్చాం. మనుషులు ఎక్కువైతే మాటలు ఎక్కువవుతాయి. ఏ మాట పైకి రావాలో లైకులు నిర్ణయించే చోట ఫీడ్ గాడి గురించిన ప్రశ్న ఏ జన్మకూ పైకి రాదు, మెరుపుల ఇంకు సీసాకు మాత్రం హృదయాలే హృదయాలు.

పాతవన్నీ స్వర్గాలని చెప్పడం నా ఉద్దేశం కాదు. నాలుగు ముక్కలు ఇంగ్లీషులో టైపు చేయలేనివారికి అక్కడ చోటే ఉండేది కాదు. కొత్తవాడు నోరు తెరిస్తే "ముందు వెతికి చూడు" అని కసిరే పెద్దమనుషులు ప్రతిచోటా ఇద్దరు ముగ్గురు ఉండేవారు. తెలుగులో మాట్లాడుకున్న పేజీ నేనైతే ఒక్కటీ చూడలేదు.

దీనికి సంబంధించి ఈ ఏడాది మాకు ఒక కనువిప్పు కలిగింది. గోదావరి జిల్లాలో జీవితమంతా లేత్ మీద పనిచేసిన పెద్దాయన ఒకరు మన గ్రూపులో ఉన్నారు. ఆయన టైపు చేయరు, ఇంగ్లీషు జోలికి పోరు. వాయిస్ మెసేజీలు పెడతారు. పాళీకీ ఫీడుకీ మధ్య సందొచ్చి ఇంకు అందడం లేదని ఒకరడిగితే ఆయన పెట్టిన మెసేజీ ఇది, వెనకాల కుక్కరు విజిల్‌తో సహా విన్నాం: "నీళ్లు మరగనివ్వకండి బాబూ, వేలు పెడితే చురుక్కుమనాలంతే. పాళీ, ఫీడు కలిపి ముంచండి. తీసి బొటనవేలితో ఒత్తి పట్టుకోండి, చల్లారేదాకా వదలొద్దు. ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఫీడుకే ఇది, ప్లాస్టిక్ దానికి చెయ్యకండి. బారెల్ గానీ ముంచారో, నల్లటిది కాస్తా ఆకుపచ్చ తిరిగిపోద్ది, ఇక నన్నడక్కండి." ఆయన అనుభవం ఇంగ్లీషు వేదికల్లోకి ఏనాడూ ఎక్కలేదు. వాట్సాప్ పుణ్యమా అనే మన చెవిన పడింది. ఇది ఒప్పుకుని తీరాలి.

కాకపోతే వాయిస్ మెసేజీని వెతకడం ఎవరి తరం? ఎక్కడో పన్నెండో నిమిషంలో ఉన్న మాట కోసం అన్నీ మొదటి నుంచి వినాలి. ఫోను మారిస్తే అవీ పోవచ్చు. అందుకని కమిటీ ఆయన అనుమతి తీసుకుని, ఆ మెసేజీలన్నీ విని రాసే పని మొదలుపెట్టింది. కుర్ర సభ్యులు కొందరు ముందుకొచ్చారు. యాస సరిదిద్దాలా వద్దా అన్న దగ్గర పెద్ద రగడే జరిగింది. ఆయన మాట ఆయన మాటలాగే ఉంచాలని చివరికి తీర్మానించాం. ఒక్కో సమస్యకు ఒక్కో పేజీ, పైన సమస్య పేరు, చేత్తో వేసిన బొమ్మ. ఫొటో కంటే గీసిన బొమ్మలోనే గాడులు బాగా తెలుస్తున్నాయి. నోటుబుక్కు అసలు ప్రతి ఉపాధ్యక్షుల వారింట్లో ఉంది, జెరాక్సులు అన్నానగర్‌లోనూ తాంబరంలోనూ వేర్వేరు సభ్యుల ఇళ్లలో పెట్టించాం. ఒకే చోట ఉంచితే ఏమవుతుందో చూశాం కదా.

తిరువళ్లూరు ప్రయాణం గురించి. అక్కడ చేత్తో ఎబొనైట్ పెన్నులు చేసే కుటుంబం మమ్మల్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి పని చూపించింది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరే, అందుకే లేత్ మీద పెట్టగానే ఘాటైన వాసన వస్తుంది. కడ్డీ తిరుగుతుంటే ఉలి అంచు నుంచి నల్లటి తాడులా పొట్టు లేస్తుంది. మూత మర ఎలా కోస్తారో, రెండు చుట్లకే మూత ఊడాలంటే ఏం చేస్తారో పని చూపించినాయన చాలాసేపు తమిళంలో వివరించారు, మనవాళ్లు తెలుగులో అడిగారు, ఇద్దరికీ అర్థమైంది. ఇంటికొచ్చేలోగా ఒకరు ముప్ఫై సెకన్ల రీలు పెట్టారు, బాగా ఆడింది. అందులో పొట్టు లేవడం ఉంది, మర సంగతి లేదు. మర గురించి ఆయన చెప్పిందంతా నోటుబుక్కులోకి ఎక్కించాం.

పాత పెన్నుల అమ్మకాల విషయంలో ఒక హెచ్చరిక. మన సభ్యుడొకరు ఆన్‌లైన్ గ్రూపులో పాత రత్నం పెన్ను అనుకుని డబ్బు పంపితే, పాళీ మార్చిన మామూలు పెన్ను వచ్చింది. అదే మనిషి గురించి వేరే గ్రూపులో అంతకుముందే ఫిర్యాదు ఉందట, ఎవరికీ గుర్తులేదు. చర్చావేదికల్లో అమ్మేవాడి పాత బాగోతమంతా వాడి పేరు కిందే ఉండేది. ఇప్పుడు నంబరు మార్చుకుంటే పుణ్యపురుషుడే. దయచేసి కొనేముందు కమిటీలో ఎవరికైనా ఒక ఫోను కొట్టండి.

మార్చి నుంచి వాట్సాప్‌ను రెండుగా విడదీశాం. ఒకటి కబుర్లకు, ఇంకోటి ప్రశ్నలకు మాత్రమే. రెండోదాంట్లో శుభోదయాలు నిషేధం. దీని మీద కొందరు అలిగారు, ఆ గ్రూపు బొత్తిగా బోసిగా ఉందని ఫిర్యాదు కూడా వచ్చింది. ప్రశ్నలు లేనప్పుడు అది బోసిగానే ఉండాలి. పెరంబూరు పెద్దాయన అందులో మ్యూట్ తీశారు, నాకు అది చాలు. శుక్రవారం రాత్రి వీడియో కాల్‌లో ప్రశ్నోత్తరాలు పెడదామన్న ఆలోచన మాత్రం రెండు వారాలకే చతికిలబడింది.

మొదటి ఆదివారం మరమ్మతు బల్ల బాగా నడుస్తోంది. ఎక్కువగా వస్తున్నవి ఎండిన ఇంకుతో బిగుసుకుపోయిన పెన్నులే. మామూలు నీళ్లలో రాత్రంతా నానబెడితే సగం దారికొస్తాయి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు పోసి తెచ్చిన రెండు పెన్నులను మాత్రం బతికించలేకపోయాం. అందులో లక్క ఉంటుంది, ఆరితే ఇక కరగదు. పిల్లలకు ముందే చెప్పండి.

చందా కట్టే సభ్యుల సంఖ్య ఈసారీ తగ్గింది, గ్రూపు సభ్యుల సంఖ్య పెరిగింది. గ్రూపులో ఉంటే సంఘంలో ఉన్నట్టే అని చాలామంది అనుకుంటున్నారు. నోటుబుక్కు అచ్చువేయించడానికి డబ్బు కావాలి. చందా పెంచే ప్రతిపాదన రాబోయే సర్వసభ్య సమావేశం ముందుకొస్తుంది, నేను దానికి అనుకూలమని ఇప్పుడే చెప్పేస్తున్నాను. కోశాధికారి గారు ఈసారి తప్పుకుంటున్నారు, ఆ పదవికి పేర్లు ఇవ్వగలరు. వాయిస్ మెసేజీలు విని రాయడానికి కూడా మనుషులు కావాలి. తెలుగు టైపింగు రాకపోయినా పరవాలేదు, చేత్తో రాస్తే చాలు, పెన్నుల సంఘం కదా.

ఇళ్లలో పాత రత్నం, గైడర్ పెన్నులు ఉన్నవాళ్లు ఫొటోలు పంపొద్దు, పెన్నే తీసుకురండి. కొలతలు తీసుకుని, బొమ్మ గీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. ఇంకు ఖాళీ చేసి తేగలరు. ఉపాధ్యక్షుల వారి శ్రీమతి గారి కొత్త చాప మీద మరక ఇంకా పోలేదు.

ఇట్లు,
కార్యదర్శి
చెన్నై