ఆయిల్ స్విచ్ థ్రెడ్ (మర) ఏదో తేల్చిపెట్టిన పెద్దలకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నూజివీడు వైపు మామిడి తోటలున్నవాళ్లకు నా టెన్షన్ చెప్పక్కర్లేదు. పూత మీద తేనెమంచు పురుగు దిగింది, మందు కొట్టాలి. సరిగ్గా అప్పుడే మా మినీ ట్రాక్టర్ ఇంజిన్‌కున్న ఆయిల్ ప్రెషర్ స్విచ్ (ప్రెషర్ లేనప్పుడు ఆయిల్ లైటు వెలిగించేది) నుంచి ఆయిల్ కారడం మొదలైంది. వైరు తగిలించే ప్లాస్టిక్ ముక్కలోంచే ఊరుతోంది కాబట్టి లోపలి పలచటి పొర, డయాఫ్రమ్, పోయినట్టే, స్విచ్ మార్చాల్సిందే. షాపులో అడిగితే చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్న స్విచ్‌లు మూడు ముందు పెట్టారు. ఏదైనా పడుతుంది, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించెయ్యమన్నారు.

ఆ పని జరగకుండా ఆపినందుకు ముందుగా మా బాబాయ్ గారికి దండం. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఫోన్ ఎత్తగానే, "కొత్తది పెట్టబోకు. పాత స్విచ్ ఊడదీసి పట్టుకురా, ఆ మూడూ కూడా తీసుకురా" అన్నారు. ఫొటోలు పంపుతానంటే ఒప్పుకోలేదు. ఎందుకో అక్కడికి వెళ్లాక తెలిసింది.

బాబాయ్ గారు నాలుగింటినీ గుడ్డతో తుడిచి వరసగా పెట్టారు. కొత్తవాటిలో ఒకటి వన్ బై ఎయిట్ బీఎస్‌పీ టేపర్ (బ్రిటిష్ పైపు థ్రెడ్, కొసకు సన్నబడేది), ఇంకొకటి వన్ బై ఎయిట్ ఎన్‌పీటీ (అమెరికా పైపు థ్రెడ్), మూడోది ఎం10 (పది మిల్లీమీటర్ల మెట్రిక్ థ్రెడ్), ఒక మిల్లీమీటరు పిచ్, అంటే థ్రెడ్‌కీ థ్రెడ్‌కీ మధ్య దూరం. బీఎస్‌పీకి అంగుళానికి 28 థ్రెడ్లు, ఎన్‌పీటీకి 27. పిచ్‌లో చూస్తే 0.907, 0.941, 1.0 మిల్లీమీటర్లు. ఇంత చిన్న తేడా కంటికి ఎలా ఆనుతుంది? పోనీ వెర్నియర్‌తో కొలిచి తేలుద్దామా అంటే అక్కడే అసలు చిక్కు. పాత స్విచ్ కొసన తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉంది, మొదలు దగ్గర దాదాపు పది. మొదలు మాత్రమే కొలిచినవాడు ఎం10 అనే అంటాడు. కొస, మొదలు రెండూ కొలిస్తే గానీ అది టేపర్ అని బయటపడదు. ఈ టేపర్ ఒకటికి పదహారు. అంటే 8 మిల్లీమీటర్ల పొడవుకు అర మిల్లీమీటరు లావెక్కుతుంది.

తర్వాత పిచ్ గేజ్ (ఒక్కో థ్రెడ్ కొలతకు ఒక్కో పళ్ల రేకు ఉండే పనిముట్టు) తీశారు. 28 రేకును థ్రెడ్ల మీద ఆనించి వెలుతురుకు పెడితే ఎక్కడా సందు లేదు. 27 రేకు పెట్టినప్పుడు మొదటి రెండు మూడు థ్రెడ్ల దాకా సరిగ్గానే కూర్చుంది, చివరికొచ్చేసరికి పైకి లేచింది. ఆ సన్నటి వెలుతురు గీతను నాకు చూపించడానికి ఆయన కళ్లజోడు సవరించుకుంటూ ఎంత ఓపికగా కూర్చున్నారో! మన దగ్గర తిరిగే చాలా మినీ ట్రాక్టర్ల ఇంజిన్లు జపాన్ డిజైన్‌వి. వాళ్ల పార్ట్స్ బుక్‌లో పీటీ 1/8 అని ఉంటే అది బీఎస్‌పీ టేపరే, అమెరికా ఎన్‌పీటీ కాదు అని కూడా చెప్పారు. పేర్లు దగ్గరగా ఉండటంతో పెద్ద మెకానిక్‌లే పొరపడుతున్నారట.

ఎన్‌పీటీది ఎక్కించి ఉంటే మూడు నాలుగు చుట్లు తిరిగి పట్టేసేది. బిగిసిందనే అనుకునేవాణ్ణి. థ్రెడ్ కోణాలే వేరు, బీఎస్‌పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. ఆయిల్ థ్రెడ్ వెంబడే దారి చేసుకుని కారుతుంది. కారుతోంది కదా అని ఇంకా బిగిస్తే బ్లాక్‌లో థ్రెడ్ పోతుంది, పోత ఇనుము పగిలినా పగులుతుంది. ఒక్క స్విచ్ కోసం బ్లాక్ పోగొట్టుకోవడం ఎంత అన్యాయం!

టెఫ్లాన్ టేపు సంగతీ అప్పుడే చెప్పారు. ఒంటి వైరు స్విచ్‌కి ఎర్త్ అందేది బ్లాక్ నుంచి, ఆ థ్రెడ్ ద్వారానే. టేపు మందంగా చుడితే ఎర్త్ అందకపోవచ్చు, పీలికలు ఆయిల్ దారిలో పడొచ్చు. కొత్త బీఎస్‌పీ స్విచ్‌కి కొసన ఒక థ్రెడ్ వదిలి మిగతా వాటికి లిక్విడ్ సీలెంట్ పలచగా రాయించారు. స్విచ్ బిగించి కీ తిప్పితే ఆయిల్ లైటు వెలిగింది, స్టార్ట్ చేయగానే ఆరింది. రెండో రోజు ఇంజిన్ కింద అట్టముక్క పరిచి చూశాను, చుక్క లేదు. మందు కొట్టడం పూర్తయింది.

రెండో కృతజ్ఞత విజయవాడ ఆటోనగర్‌లోని టర్నర్ అన్నకు. మా తమ్ముడి కొడుకు అమెరికా నుంచి తెచ్చిన ఆయిల్ ప్రెషర్ గేజ్ ఒకటి ఇంట్లో ఉంది. దాని థ్రెడ్ ఎన్‌పీటీ. దాన్ని కూడా పెట్టుకుందామని వెళ్తే, నా మాట మీద పని మొదలుపెట్టలేదు ఆయన. థ్రెడ్ కోసే తన ట్యాపును గేజ్ థ్రెడ్ పక్కన ఆనించి, రెండు దువ్వెనల పళ్లు ఒకదాన్లో ఒకటి దిగినట్టు పూర్తిగా కూర్చుందో లేదో చూసుకున్నాకే లేత్ ఆన్ చేశాడు. ఇత్తడి రాడ్డుతో ఒక పక్క 28, ఇంకో పక్క 27 థ్రెడ్లు వచ్చేలా అడాప్టర్ చేసిచ్చాడు. అడక్కుండానే ఎన్‌పీటీ పక్కన పంచ్‌తో 27 అని అంకె కొట్టాడు, రేపు ఇంకెవరైనా విప్పితే తికమక పడకూడదని. కూలీ ఎంతన్నా తక్కువే తీసుకున్నాడు. ఆ అంకె చూసినప్పుడల్లా ఆయన మీద గౌరవం పెరుగుతోంది.

మిగిలిన రెండు స్విచ్‌లనూ షాపువాళ్లు మారుమాట లేకుండా వెనక్కి తీసుకున్నారు, వారికీ ధన్యవాదాలు.

ఇంకొక్క మాట. మన బోరు లైన్లకు, జీఐ పైపులకు వాడేది బీఎస్‌పీనే. అర ఇంచి, ముప్పావు ఇంచి సైజుల్లో బీఎస్‌పీకి, ఎన్‌పీటీకి అంగుళానికి 14 థ్రెడ్లే, కాబట్టి ఒకటి ఇంకోదాన్లో ఇంకా తేలిగ్గా ఎక్కేస్తుంది. బయటి దేశం ఫిల్టర్, వాల్వ్ ఏది కొన్నా ముందు థ్రెడ్ అడగండి. బాబాయ్ గారిని చూసి నేనూ పిచ్ గేజ్ ఒకటి కొన్నాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరికి కావాలన్నా పాత ఫిట్టింగ్ పట్టుకుని మా తోటకు రండి, కలిసి కొలుద్దాం.