జీను, కళ్లెం లేని స్వారీ గురించి మా కస్టమర్లందరికీ

నమస్తే.

మన గుర్రపు స్వారీ క్లాసుల్లోని తెల్ల గుర్రం చాందిని మీద జీను, కళ్లెం రెండూ లేకుండా మా ట్రైనర్ స్వారీ చేసిన వీడియో ఈ మధ్య చాలామంది ఫోన్లలో తిరిగింది. అప్పట్నుంచి మాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు దాని గురించే. వచ్చే ఆదివారం మా పాపను అలా ఎక్కిస్తారా అని కొందరు, పెళ్లి ఫోటోషూట్‌కి ఎంత తీసుకుంటారని కొందరు. ఎప్పటినుంచో క్లాసులకు వస్తున్నవాళ్లయితే, మాకెందుకు ఇంతవరకు నేర్పలేదని కాస్త నొచ్చుకునే అడుగుతున్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెబితే మాకు ఇష్టం లేక తప్పించుకుంటున్నట్టు వినిపిస్తోంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు విషయం. ఈ సీజన్ నుంచి జీను లేని స్వారీని మన క్లాసుల్లో చేరుస్తున్నాం. కళ్లెం లేని స్వారీ కొద్దిమందికే, అదీ చాలా తర్వాత. మొదటిసారి వచ్చినవాళ్లకు మాత్రం ఈ రెండింటిలో ఏదీ, ఎంత డబ్బిచ్చినా చేయించం.

చాందిని సంగతి తెలిస్తే దీని వెనక ఉన్న కారణం తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గరికి రాకముందు అది పెళ్లి ఊరేగింపుల గుర్రం. పెళ్లికొడుకును ఎక్కించుకుని బ్యాండు మేళం, డీజే, టపాసుల మధ్య ఏళ్ల తరబడి నడిచింది. ఆ చప్పుళ్లంటే దానికి ఇప్పటికీ భయం లేదు. దాని భయమంతా మూతి దగ్గర చెయ్యి పెడితేనే. కళ్లెం చేతిలో పట్టుకుని దగ్గరికి వెళ్తే చాలు, తల ఆకాశానికెత్తి వెనక్కి వెనక్కి పోయేది. డాక్టరు గారు నోరు తెరిచి చూస్తే పెదవుల మూలల్లో, నాలుక మీద పాత గాయాల మచ్చలు. కళ్లెంలో నోట్లోకి వెళ్లే కడ్డీకి ముళ్లుంటే దాన్ని ముళ్ల బిట్ అంటారు, అది పెట్టిన గుర్రాల నోళ్లు ఇలాగే ఉంటాయి.

గుర్రం నోట్లో ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ చోటు ఉంటుంది. బిట్ అనే ఇనుప కడ్డీ అక్కడే కూర్చుంటుంది. ఆ చోట ఎముక మీద పలచటి చిగుళ్లు తప్ప ఇంకేమీ లేవు. మెత్తటి చేతుల్లో మామూలు బిట్ ఉంటే గుర్రానికి ఇబ్బంది ఉండదు, మన మిగతా గుర్రాలు దాంతోనే హాయిగా పనిచేస్తున్నాయి. కానీ ఆ కడ్డీకి ముళ్లు ఉండి, రద్దీలో భయపడిన మనిషి పగ్గాలు గట్టిగా గుంజితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలే బండి లాగే, బరువు మోసే జంతువులకు ముళ్ల బిట్ వాడకూడదని చెబుతున్నాయి. అయినా ఇప్పటికీ చాలాచోట్ల వాడుతూనే ఉన్నారు. మీ ఇంట్లో పెళ్లికి గుర్రాన్ని మాట్లాడుకుంటే దయచేసి ఒకసారి దాని కళ్లెం చూడండి. ముళ్లు కనిపిస్తే మామూలు బిట్ పెట్టి తీసుకురమ్మని అడగండి. డబ్బిచ్చేవాళ్లు అడిగితే ఎవరైనా మారుస్తారు.

చాందినికి బిట్ తీసేయడం అలా మొదలైంది. అది ఫ్యాషన్ కోసం చేసిన పని కాదు, దాని నోటికి వేరే దారి లేక చేసిన పని. మొదట నేల మీద పక్కన నడుస్తూ ఆగు, నడువు, పక్కకు జరుగు అనేవి నేర్పాం. తర్వాత బిట్ లేకుండా ముక్కు పట్టీ మాత్రమే ఉన్న తలకట్టు పెట్టాం. అది బాగా అలవాటయ్యాక దాంతో పాటు మెడ మొదట్లో ఒక వదులు తాడు వేశాం. ప్రతి సైగా ముందు ఒంటితో, తర్వాత మెడతాడుతో, అప్పటికీ అర్థం కాకపోతేనే పగ్గంతో ఇచ్చేవాళ్లం. పగ్గం అవసరం రోజురోజుకీ తగ్గింది. పగ్గాలు మెడ మీద వదిలేసినా ఏ తేడా లేనంత వరకూ వచ్చాకే తలకట్టు తీశాం. అదీ చుట్టూ కంచె ఉన్న గుండ్రటి దొడ్లోనే. మీరు వీడియోలో చూసినది ఆ మొత్తం పనిలో ఆఖరి ముక్క.

కళ్లెం లేకపోతే గుర్రం ఎలా ఆగుతుందని చాలామంది అడుగుతున్నారు. గుర్రం ఒంటి మీద ఎక్కడో ఒక ఈగ వాలినా అక్కడి చర్మాన్ని మాత్రమే విదిలిస్తుంది, చూసే ఉంటారు. అంత సున్నితమైన వీపు మీద మనం కూర్చుంటున్నాం. మనం ఊపిరి బిగబట్టినా, నడుము కాస్త వెనక్కి పోయినా, ఒక పిరుదు మీద బరువు ఎక్కువైనా దానికి తెలుస్తుంది. ఆగాలంటే మా ట్రైనర్ ఊపిరి వదిలి, నడుము కదలిక ఆపి, బరువుగా కూర్చుంటాడు. చాందిని ఆగుతుంది. ఆగకపోతే మెడతాడు పైకి ఎత్తుతాడు. తిరగాలంటే ముందు తన చూపు, భుజాలు తిప్పుతాడు, బయటివైపు కాలు ఆనిస్తాడు. సైగలన్నీ కూర్చునే తీరులోనే ఉన్నాయి కాబట్టి, కూర్చోవడం కుదరని మనిషికి కళ్లెం తీసేస్తే చేతిలో ఏమీ మిగలదు.

జీను సంగతి దీనికి పూర్తిగా వేరు. జీను తీసేస్తే గుర్రానికి హాయి అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మంచి జీను మన బరువును వెన్నెముకకు రెండు వైపులా ఉన్న కండరాల మీద పరుస్తుంది, వెన్నెముకను తాకకుండా మధ్యలో సందు ఉంచుతుంది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో గుర్రాల వీపు మీద ఒత్తిడి కొలిచే పట్టీ వేసి చూశారు. జీను లేనప్పుడు బరువు తక్కువ చోట పడుతుందని, రైడర్ కూర్చునే ఎముకల కింద ఒత్తిడి బాగా పెరుగుతుందని తేలింది. కాబట్టి జీను లేని స్వారీ గుర్రానికి మనం చేసే మేలు కాదు. మన కోసం గుర్రం కాసేపు ఓర్చుకునే పని. మరి ఎందుకు నేర్పుతున్నామంటే, కూర్చోవడం నేర్పడంలో దానికి మించింది మాకు కనిపించలేదు. రికాబులు లేకపోతే పాదాలకు ఆసరా ఉండదు. గుర్రం వీపు ఎడమకూ కుడికీ, పైకీ కిందకీ ఎలా కదులుతోందో నేరుగా తెలుస్తుంది. ఒక పక్కకు వాలి కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకు మొదటి నిమిషంలోనే ఆ విషయం తెలిసిపోతుంది.

కానీ భయపడిన మనిషి ఏం చేస్తాడు? మోకాళ్లు, మడమలు బిగించి గుర్రాన్ని పట్టుకుంటాడు. గుర్రానికి కాళ్లు బిగించడమంటే ముందుకు పొమ్మని. అది వేగం పెంచుతుంది, మనిషి ఇంకా బిగిస్తాడు, అది ఇంకా వేగం పెంచుతుంది. పైగా మోకాళ్లు బిగించేకొద్దీ మనిషి పైకి జారతాడు. జీను లేకుండా పడిపోవడం ఎక్కువగా ఇలాగే జరుగుతుంది. పిల్లల్లో ఇది మరీ సహజం. అందుకే మొదటి క్లాసులన్నీ మా మనిషి పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని గుండ్రంగా నడిపిస్తుండగానే ఉంటాయి. నడకే, ట్రాట్ అనే చిన్న పరుగు తర్వాత. ఇంకాస్త వేగమైన క్యాంటర్ ఎప్పుడన్నది మేం చెబుతాం, దయచేసి తొందరపెట్టొద్దు.

గుర్రాలన్నీ దీనికి పనికొచ్చేవి కావు. మన దగ్గర ఉన్న రెండు థరోబ్రెడ్ జాతి గుర్రాలు రేసుల నుంచి రిటైర్ అయినవి. వాటి భుజాల మధ్య ఎముక ఎత్తుగా ఉంటుంది, వీపు సన్నం, జీను లేకుండా కూర్చుంటే గుర్రానికీ మనిషికీ నొప్పే. ఇంకో సంగతి. రేసు గుర్రం పగ్గం బిగిసేకొద్దీ బిట్ మీద ఆనుకుని పరుగెత్తడం నేర్చుకుని వస్తుంది. గుంజితే ఆగాలని కాదు, పరుగు అందుకోవాలని దానికి అర్థం. ఆ అలవాటు మాన్పించడానికే చాలా కాలం పడుతుంది. అందులో ఒకదానికి మా ట్రైనర్ మెడతాడుతో పని మొదలుపెట్టాడు, చాలా బాగా నేర్చుకుంటోంది, చూస్తుంటే ముచ్చటేస్తుంది. అయినా దాన్ని కస్టమర్లకు ఇప్పట్లో ఇవ్వం.

ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త ట్రెండ్ కదా అని ఒక పేరెంట్ అడిగారు. కొత్తది కాదండీ. రెండు వేల ఏళ్లకు పైగా కిందటే, ఇప్పటి అల్జీరియా, ట్యునీషియా ప్రాంతాల్లోని నుమిడియా రౌతులు జీను, కళ్లెం లేకుండా, గుర్రం మెడకు ఒక తాడు, చేతిలో చిన్న కర్రతో యుద్ధాలే చేశారు. క్రీ.పూ. 216లో ఇటలీలోని కానే దగ్గర రోమన్లను ఓడించిన కార్తేజ్ సేనాని హానిబల్ సైన్యంలో వాళ్లున్నారు. క్రీ.పూ. 202లో జామా యుద్ధంలో నుమిడియా రాజు మసినిస్సా తన రౌతులతో రోమన్ల వైపు పోరాడాడు, ఆ యుద్ధంలో హానిబల్ ఓడిపోయాడు. మన కాలంలో చాలామంది చూసిన వీడియో స్టేసీ వెస్ట్‌ఫాల్‌ది. 2006లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో జరిగిన పోటీలో, రాక్సీ అని పిలుచుకునే తన ఆడగుర్రం మీద జీను, కళ్లెం లేకుండా ఫ్రీస్టైల్ రైనింగ్ అనే గుర్రపు విన్యాసాలు చేసి గెలిచింది. దౌడు తీస్తూ ఒక్కసారిగా జారి ఆగడం, నిలబడిన చోటే గిర్రున తిరగడం, అన్నీ. నేను ఎన్నిసార్లు చూసినా కళ్లు చెమరుస్తాయి. కానీ అది గుర్రాలకు శిక్షణ ఇవ్వడమే వృత్తిగా ఉన్న మనిషి, తానే తయారు చేసుకున్న గుర్రం. ఆ వీడియో చూపించి మా బాబుకు ఇది కావాలని అడిగితే, బాబుకు ఆ ఇష్టం పుట్టినందుకు నాకు నిజంగా సంతోషమే. మొదటి మెట్టు నుంచి మొదలుపెడదాం.

ఇక మన పద్ధతులు. జీను లేని క్లాసుకు రావాలంటే ముందు జీనుతో నడక, ట్రాట్ రెండూ పగ్గాలకు వేలాడకుండా చేయగలగాలి. అది మా ట్రైనర్ చూసి చెబుతాడు, ఎన్ని క్లాసులు అయ్యాయన్నది లెక్క కాదు. చాందిని బరువు సుమారు 380 కిలోలు. రైడర్, జీను అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదని చాలామంది పాటించే లెక్క. దాని ప్రకారం 76 కిలోలు. జీను లేనప్పుడు ఒత్తిడి ఎక్కువ కాబట్టి మేం 60 కిలోలకే ఆపుతున్నాం. ఆఫీసు గదిలో తూకం మిషన్ ఉంది, ఎవరి బరువూ పైకి చదవం. 60 దాటినవాళ్లకు జీనుతోనే రికాబులు తీసేసి నేర్పుతాం, కూర్చునే తీరు అందులోనూ బాగా మెరుగవుతుంది. ఒక్కో క్లాసు 20 నిమిషాలు, వీపు మీద మెత్తటి ప్యాడ్ వేసే ఉంచుతాం. రోజుకు ఇద్దరికే. ఎక్కడానికి చెక్క పీట ఉంది. సినిమాల్లోలాగా జూలు పట్టుకుని ఎగిరి ఎక్కితే దాని వెన్ను పట్టేస్తుంది.

హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కరు, ఒక్క ఫోటో కోసమైనా సరే. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపల పగిలి ఉండొచ్చు, దాన్ని మళ్లీ వాడనివ్వం. కళ్లెం లేని స్వారీ గుండ్రటి దొడ్లోనే, మా ట్రైనర్ లోపల నిలబడి ఉండగానే. బయట రోడ్డు మీదకు, పొలాల్లోకి ఎవరినీ అలా పంపం. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, కనిపించినదానికల్లా ముందు పారిపోవడమే దాని స్వభావం. సంక్రాంతికి మన మొయినాబాద్ వైపంతా తెగిన గాలిపటాలు మీద పడుతుంటాయి. ఎంత నెమ్మదస్తురాలైనా చాందిని కూడా గుర్రమే.

ఫీజు గురించి దాచేదేమీ లేదు. జీను లేని క్లాసు 1,200 రూపాయలు, మామూలు క్లాసు కన్నా ఎక్కువే. ఒక గుర్రం, ఒక ట్రైనర్, రోజుకు ఇద్దరే అయినప్పుడు ఉలవలు, గడ్డి, లాడాలు, డాక్టరు ఖర్చు అంతకన్నా తక్కువలో తేలడం లేదు. జీను లేని పెళ్లి ఫోటోషూట్లు మొత్తం ఆపేస్తున్నాం. అవి మాకు మంచి ఆదాయం, నెల చివర జీతాలిచ్చేటప్పుడు ఆ లోటు తెలుస్తుంది. అయినా పట్టుచీర కట్టుకుని, గుర్రం అంటేనే తెలియని అమ్మాయిని ఉత్త వీపు మీద గంటలు గంటలు కూర్చోబెట్టడం ఆ అమ్మాయికీ మంచిది కాదు, చాందినికీ కాదు. పక్కన నిలబడి ఫోటోలు దిగాలంటే సంతోషంగా రండి. చాందిని స్థిరంగా నిలబడుతుంది, మూతి మాత్రం ముట్టుకోవద్దు, మెడ మీద నిమరండి.

చాందిని నుక్రా రకం గుర్రం, తెల్ల వెంట్రుకల కింద చర్మం గులాబీ రంగు, ఎండకు త్వరగా కమిలిపోతుంది. అందుకే దాని క్లాసులు ఉదయం 6 నుంచి 8 లోపే. ఫోటోషూట్ కోసం ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లకు మొత్తం డబ్బు తిరిగి ఇస్తున్నాం. ఈ వారం లోపు అందకపోతే ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి, నేనే ఎత్తుతాను.