ఆదివారం స్పెక్ట్రమ్ తెచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఆదివారం మా ఇంట్లో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత హోమ్ కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్, ఎస్‌డీ కార్డు బోర్డు తగిలించి చూద్దాం అనుకున్నాం కదా. ముందే ఒక మాట. కరెంటు ఉండగా వెనకాల ఏదీ పెట్టొద్దు, పీకొద్దు. ఈ 1982 మోడల్‌కి పవర్ స్విచ్చే లేదు, కాబట్టి అడాప్టర్ తీసేశాకే చెయ్యి పెట్టండి.

ఎందుకంటే వెనక ఎడ్జ్ కనెక్టర్‌లో (బోర్డులు తగిలించే చోట) 5, 9, 12 వోల్టుల లైన్లు మిగతా సిగ్నళ్ల పక్కనే ఉంటాయి. బోర్డు కాస్త కదిలి పక్క లైన్‌కి తగిలితే చాలు, పవర్ సర్క్యూట్‌లోని టీఆర్4 ట్రాన్సిస్టర్, దానితోపాటు 4116 మెమరీ చిప్పులు పోవచ్చు. కిందటేడు నాది అలాగే పోయింది. తప్పు నాదే, తొందరపడ్డాను. మళ్లీ చిప్పులు ఊడదీసి సాకెట్లు వేసేసరికి రెండు వారాలు, మా ఆవిడ తిట్లు అదనం.

కనెక్టర్‌లో 5వ స్థానంలో గాడి ఉంటుంది. మీ బోర్డులో అక్కడ అడ్డుపుల్ల లేకపోతే తిరగేసి పెట్టే ప్రమాదం ఉంది, రెండుసార్లు చూసుకోండి. కాంటాక్టులు నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. లేనివాళ్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దొద్దు ప్లీజ్.

అడాప్టర్ 9 వోల్టులే, కానీ మధ్య పిన్ను నెగటివ్. ఇప్పుడు బజార్లో దొరికేవి ఎక్కువగా పాజిటివ్. మల్టీమీటర్ నా దగ్గర ఉంది, చెక్ చేయకుండా ఎవరూ గుచ్చకండి.

ఎవరెవరు ఏ బోర్డులు తెస్తున్నారో శుక్రవారంలోపు ఇక్కడే చెప్పండి.