ముందు కూలింగ్ టవర్ కడిగించండి

సంపాదకులకు నమస్కారం.

మా పక్క ఫ్లాటు అబ్బాయి పోయిన వారం ఒక రిపోర్టు పట్టుకుని వచ్చాడు. వాళ్ల ఆఫీసులో ఒకరికి లెజియోనెల్లా న్యుమోనియా వస్తే యాజమాన్యం అందరికీ రక్తపరీక్షలు చేయించిందట. ఇతనికి ఐజీజీ (లెజియోనెల్లాకు ఎదురుగా ఒళ్లు తయారుచేసే ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్. "అంకుల్, నాకూ వచ్చేసినట్టేనా?" అని ఒకటే టెన్షన్. దగ్గు లేదు, జ్వరం లేదు, ముందురోజే క్రికెట్ ఆడొచ్చిన మనిషి!

ఉద్యోగమంతా సీరాలజీ (రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షలు) బల్ల దగ్గరే చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను. లెజియోనెల్లా అనే ఈ బ్యాక్టీరియా నీళ్లలో ఉంటుంది. గోరువెచ్చని గొట్టాల్లో, షవర్లలో, ఏసీ కూలింగ్ టవర్లలో (పెద్ద భవనాల ఏసీ వేడిని నీళ్లతో చల్లార్చేవి) బాగా పెరుగుతుంది. ఆ నీటి తుంపర పీల్చినా చాలామందికి ఏమీ కాదు, యాంటీబాడీలు మాత్రం తయారవుతాయి. వేరే సూక్ష్మజీవుల వల్ల కూడా ఈ పరీక్ష పాజిటివ్ చూపిస్తుంది. అందుకే ఒక్క టైటర్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు) చూసి జబ్బని రాయకూడదు. జబ్బు మొదట్లో ఒకసారి, కొన్ని వారాలకు మళ్లీ ఒకసారి రక్తం తీసి, టైటర్ నాలుగు రెట్లు పెరిగితేనే లెక్క. నిజంగా జ్వరం, ఆయాసం ఉన్నవాళ్లకైతే మూత్రంలో యాంటిజెన్ పరీక్ష, కఫం కల్చర్ (కఫంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూడటం) చేయించాలి.

యాంటీబాడీ పరీక్ష దండగ అనను. 1968లో అమెరికాలోని పాంటియాక్‌లో, సాక్షాత్తూ ఆరోగ్యశాఖ భవనంలోనే 144 మంది జ్వరం, ఒళ్లునొప్పులతో మంచమెక్కారు. ఎవరూ చనిపోలేదు, కారణమూ తేలలేదు. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో మాజీ సైనికుల సభకు వెళ్లినవాళ్లు న్యుమోనియాతో చనిపోయాక, మరుసటి జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ ఈ బ్యాక్టీరియాను పట్టుకున్నారు. ఆ తర్వాత, దాచి ఉంచిన పాంటియాక్ రోగుల సీరం (రక్తంలోని నీరులాంటి భాగం) పరీక్షిస్తే యాంటీబాడీలు బయటపడ్డాయి. ఆ భవనం ఏసీలో లోపం వల్ల తుంపర లోపలి గాలిలో కలిసింది.

మరి ఈ ఆఫీసులో టవర్ చివరిసారి ఎప్పుడు కడిగారో కనుక్కోమన్నాను. ఎవరికీ తెలియదట. అందరి చేతులకూ సూదులు గుచ్చారు గానీ, మేడమీది నీళ్లు ఒక్క సీసాడు ల్యాబుకి పంపలేదు!

2015లో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో కూలింగ్ టవర్ వల్ల 16 మంది పోయాక, న్యూయార్క్ నగరం ప్రతి టవర్‌నూ నమోదు చేసి, నీటిని పరీక్షించాలని చట్టం తెచ్చింది. అద్దాల మేడలు ఇన్ని లేచిన మన హైదరాబాద్‌లోనూ అలాంటి నమోదు పెట్టి, టవర్ శుభ్రం చేసిన తేదీని లిఫ్టు దగ్గర అంటించమని అధికారులను కోరుతున్నాను.

– విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, కూకట్‌పల్లి, హైదరాబాద్